నేను కత్తిరించని పై వరుస

పేరు రాయనక్కర్లేదనీ, ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలియదనీ నేను మాట ఇచ్చిన ఒక మనిషిని, ఆమె రాసిన కాగితాన్ని బట్టే పట్టుకుని పనిలోంచి పంపేశారు. ఆ కాగితాన్ని ఫ్యాక్టరీకి ఇచ్చింది మా ఆఫీసు. మా ఆఫీసు తరఫున సంచిలో పెట్టుకుని, బస్సెక్కి తీసుకుపోయి ఇచ్చింది నేను.

ఇది తప్పు. ఎవరెన్ని మాటలు చెప్పినా తప్పే. ఈ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచిన చోటల్లా ముందు మిగతావన్నీ చెప్పి, ఇది చెప్పే వేళకు టీ వచ్చిందని లేచిపోయేవాణ్ణి. అందుకే ఈసారి ముందు ఇది చెప్పాను. మిగతావి ఇప్పుడు చెబుతాను.

ఈ పని ఏమిటంటే

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి. కర్ణాటకలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్న గార్మెంట్స్ ఫ్యాక్టరీలు, పట్టు దారం తీసే యూనిట్లు, కూరగాయలు ప్యాక్ చేసే షెడ్లు తిరుగుతూ నా ఉద్యోగమంతా గడిచింది. పని చేసేవాళ్ళకు ఆ చోటు ఎట్లా ఉందో, పైవాళ్ళు ఎట్లా చూస్తున్నారో, భయముందో ధైర్యముందో ప్రశ్నలడిగి కొలవడం నా పని. ప్రశ్నలు బెంగళూరులో మా ఆఫీసులో ఇంగ్లీషులో పుట్టేవి. కన్నడంలో అచ్చయ్యేవి. నేను తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళుంటాయి, టిక్కు పెట్టాలి. ఆడవాళ్ళు నాకు ప్రశ్నలప్ప అని పేరు పెట్టారు. గేటులో అడుగు పెట్టగానే "ప్రశ్నలప్ప వచ్చినాడు, జడలు సర్దుకోండే" అని నవ్వేవాళ్ళు.

మాది గూళూరు దగ్గర చిన్న గుడి. మా నాయన అర్చకుడు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాతిదంతా బాగేపల్లి లైబ్రరీలో, పాత నిఘంటువుతో, పాత పుస్తకాల అంగట్లో దొరికిన గణాంకశాస్త్రం పుస్తకంతో నేనే చెప్పుకున్న చదువు. ఆ పుస్తకం మూడుసార్లు చదివాను, రెండుసార్లు అర్థం కాలేదు. ఎం.ఏ.లు చేసి వచ్చిన పిల్లలు చక్కగా సగటు తీసేవారు. ఆ సగటు ఎప్పుడు అబద్ధమాడుతుందో నాకు తెలిసేది. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇంత తెలిసినవాణ్ణే ఆ పని చేశానని గుర్తుంచుకోండి.

"తిట్టలేదప్పా, పని చెప్పినారు"

మొదట్లో చిక్కబళ్ళాపురం దగ్గర ఒక ప్యాకింగ్ షెడ్డులో ఫారాలన్నిటి మీదా ఐదులే వచ్చాయి. భోజనం బాగుందా, ఐదు. గౌరవం ఉందా, ఐదు. నేను సంబరంగా కట్ట కట్టి పంపాను. మా ఆఫీసు పెద్ద దివాకర్ గారు నాలుగు ఫారాలు తిరగేసి కట్ట తిప్పి పంపారు. "వీళ్ళు స్వర్గంలో పని చేస్తున్నట్టుంది. టిక్కు పెట్టేటప్పుడు వెనక ఎవరు నిలబడ్డారు?" అని అడిగారు. సూపర్వైజరు నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, మర్యాదగానే నిలబడ్డాడు. అది నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పైవాళ్ళు గదిలో ఉంటే ఫారం బయటికి తియ్యను. మూతకు చీలిక పెట్టిన డబ్బా ఒకటి మూలన పెట్టి, నేను దానికి వీపు తిప్పి కూర్చుంటాను. ఎవరు ముందు వేశారో, ఎవరు తర్వాత వేశారో నేను కూడా చూడకూడదు. ఈ పద్ధతి మీద నాకు ఎంత గర్వమంటే, కొత్తగా చేరిన పిల్లలకు వీపు ఎట్లా తిప్పాలో కూడా చూపించేవాణ్ణి.

రెండో పాఠం చింతామణిలో పట్టు దారం తీసే యూనిట్లో నేర్చుకున్నాను. వేడి నీళ్ళలో గూళ్ళు కదుపుతూ ఆడవాళ్ళు వరుసగా కూర్చుంటారు, వేళ్ళు ఉబ్బి తెల్లగా పాలిపోయి ఉంటాయి. "మీ సూపర్వైజరు మిమ్మల్ని అవమానంగా మాట్లాడతారా?" అన్న ప్రశ్నకు అందరూ "ఎప్పుడూ లేదు" మీదే టిక్కు పెట్టారు. అంతకు గంట ముందు ఆ యూనిట్ గోడ అవతల నిలబడి తిట్లు చెవులారా విన్నాను. ఉండబట్టలేక ఒక పెద్దామెను అడిగాను.

"యాడ తిట్టినారప్పా? పని చెప్తాండారు, అంతే."

"ఏమని చెప్తాండారమ్మా?"

"ఎనుమా, కండ్లు యాడ పెట్టుకున్నావే అన్నారు. దారం తెగితే అనరా మరి?"

పక్కనున్నామె తల ఎత్తకుండానే అందుకుంది. "నిన్ను ఎనుమన్నారు, మేలే. నన్ను గాడిద అన్నారు. అది పాలు గూడా ఇయ్యదు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బస్సెక్కాక నవ్వు పోయింది. అవమానమా అని అడిగితే వాళ్ళకు అవమానం లేదు, ఎందుకంటే వాళ్ళకు అది పనిలో భాగం. మర్నాడు ఆ ప్రశ్న కొట్టేసి, "నిన్న మిమ్మల్ని ఏ పేరుతో పిలిచారు?" అని రాశాను. ఇది ఒకటి నుంచి ఐదు గళ్ళలో ఇమడదని దివాకర్ గారు విసుక్కున్నారు. జవాబులు వచ్చాక ఆ ప్రశ్న ఉంచేశారు. అంతటి పెద్దమనిషే. మంచివాళ్ళతో చిక్కేమిటంటే, వాళ్ళు తప్పు చేసినప్పుడు మనమే వాళ్ళ తరఫున సాకులు వెతుకుతాం.

లైనుకు ఒక టోకెన్

బాగేపల్లి దాటాక హైవే పక్కన ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ ఉండేది. పేరు చెప్పను. అది ఇప్పుడు చేతులు మారింది. గూళూరు, పాతపాళ్య వైపు నుంచి ఆడవాళ్ళు కంపెనీ వ్యాన్లలో వచ్చేవాళ్ళు. అక్కడ ఒక్కో లైనులో నలభై మంది కుట్టేవాళ్ళు. లైను మొత్తానికి ఒకే టోకెన్. ప్లాస్టిక్ బిళ్ళ, దానికి తాడు. బాత్రూముకు పోవాలంటే సూపర్వైజరు బల్ల దగ్గర అడిగి ఆ బిళ్ళ మెడలో వేసుకుని పోవాలి. పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు.

ఆ ఫ్యాక్టరీలో నేను రెండుసార్లు సర్వే చేశాను. ఫారం చివర "ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి" అని ఒక ఖాళీ పేజీ ఉంటుంది. రెండుసార్లూ ఆ పేజీలు ఖాళీగానే వచ్చాయి. మూడోసారి పోయినప్పుడు పంతం పట్టాను. ఈసారి ఆ పేజీ నింపించాలి అనుకున్నాను.

కాలర్లు కుట్టే లైనులో అంజినమ్మ అని ఒకామె. పాతపాళ్య వైపు పల్లె. ఆమె పక్క మిషన్ మీద నాగవేణి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వ్యాను. మధ్యాహ్నం ఒకరి ముద్ద ఇంకొకరి పులుసులో అద్దుకుని తినేవాళ్ళు. ఖాళీ పేజీ గురించి నేను మూడోసారి చెబుతుంటే అంజినమ్మ అడ్డం వచ్చింది.

"పేరు వద్దంటావు. రాసే చెయ్యి మాదే గదప్పా. అక్షరం చూసి కనుక్కోరా?"

"మీ కాగితాలు ఫ్యాక్టరీవాళ్ళు చూడరమ్మా. మీరు రాసింది నేను టైపు చేసి ఇస్తాను. అసలు కాగితం నా దగ్గర్నే ఉంటాది."

నాగవేణి మోచేత్తో పొడిచింది. "రాయవే. దినామూ వ్యాన్లో చెప్పేదే గదా. వ్యానుకు చెప్పుకుంటే ఏమొస్తాది?"

"నువ్వు రాస్తావా?"

"నాది గూడా నువ్వే రాయి. నా రాత కోడి గెలికినట్ల ఉంటాది."

అంజినమ్మ నా ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందంటే నేనే కళ్ళు తిప్పుకున్నాను. తర్వాత పెన్ను అందుకుంది. ఆమెను చూసి ఇంకా పదిమంది రాశారు.

మా వైపు బడి కన్నడం, ఇల్లు తెలుగు. అందుకని చాలామంది కన్నడ అక్షరాల్లో తెలుగు మాటలు రాస్తారు. ఆమె రాసింది ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. "లైనుకు ఒకటే టోకెను. నలభై మందిమి ఉండాము. నెలసరి దినాల్లో గూడా అడుక్కోవల్ల. పోయిన నెల ఒకామె బట్టలు పాడై సాయంత్రం దాకా మిషను మీద నుంచి లేవలే. సూపర్వైజరు చూసి నవ్వినాడు. మూడు టోకెన్లు ఇయ్యండి. ఇంకేం అడగము."

రాతను బట్టి ఎవరూ కనుక్కోలేరన్నది నిజమే. బడి మాని ఏళ్ళయినవాళ్ళ అక్షరాలన్నీ ఒకటే తీరు, పెద్దవిగా, గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. కానీ మా వైపు ఇంకో అలవాటుంది. ఏ కాగితం మొదలుపెట్టినా నెత్తిన ఇంటిదేవుడి పేరు రాసి "ప్రసన్న" అని పెడతారు. పెళ్ళిపత్రికైనా, పరీక్ష పేపరైనా, సెలవు అడిగే రజా చీటీ అయినా అంతే. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతటదే రాస్తుంది. పదకొండు పేజీల నెత్తినా దేవుళ్ళున్నారు. వెంకటరమణస్వామి, నరసింహస్వామి, గంగమ్మ, చౌడేశ్వరి మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఒకే ఒక్క కాగితం మీద "శ్రీ సుంకులమ్మ ప్రసన్న" అని ఉంది.

అది అనంతపురం వైపు దేవత. అంజినమ్మ అత్తగారివాళ్ళు రెండు తరాల కింద అక్కడి నుంచి వచ్చినవాళ్ళని ఆమే ఒకసారి చెప్పింది. ఆ వరుస చూడగానే ఇది అంజినమ్మది అని నాకు తెలిసిపోయింది. వీపు తిప్పి కూర్చున్నవాడికి, ఎవరిది ఏదో చూడనని ఒట్టు పెట్టుకున్నవాడికి తెలిసిపోయింది. తెలిసినందుకు నాకు సంతోషమైంది కూడా. నాకు తెలిసింది వాళ్ళకూ తెలుస్తుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

కత్తెర

వారం తిరక్కుండా దివాకర్ గారు ఫోన్ చేశారు. ఫ్యాక్టరీ దగ్గర బట్టలు కొనే విదేశీ కంపెనీవాళ్ళు సర్వే నిజంగా జరిగిందా అని రుజువు అడుగుతున్నారట. వాళ్ళకు చూపించడానికి అసలు ఫారాలు ఫ్యాక్టరీకి అప్పగించమన్నారు.

మాట ఇచ్చానన్నాను. ఆ మాట మళ్ళీ చెప్పాను. గొంతు పెంచి కూడా చెప్పాను. ఆయన ఓపికగా విని, పేర్లు లేవు కదా, గుర్తు పట్టేవి ఏవైనా ఉంటే కత్తిరించి ఇవ్వు అన్నారు. నేను ఉద్యోగం వదిలేస్తానని అనలేదు. కాగితాలు పోయాయని అబద్ధమూ చెప్పలేదు. సరేనన్నాను.

చింతామణిలో నేను అద్దెకుంటున్న ఇంటి వసారాలో, పగటిపూట, కత్తెర పెట్టుకుని కూర్చున్నాను. ఒకామె ఫోన్ నంబరు రాసింది, కత్తిరించాను. ఒకామె కొడుకు చదివే బడి పేరు రాసింది, కత్తిరించాను. ఒకామె అలవాటు కొద్దీ తన పని నంబరు వేసింది, అదీ కత్తిరించాను. ఆ తర్వాత సుంకులమ్మ కాగితం చేతికి వచ్చింది.

కత్తెర పై వరుస దాకా తెచ్చాను. చెయ్యి ముందుకు పోలేదు. మా నాయన గుడిలో పాత పంచాంగం కాగితాలు కూడా చించనిచ్చేవాడు కాదు. దేవుడి పేరున్న కాగితం కాలికి తగిలితే కళ్ళకు అద్దుకోవాలి, పాతబడితే నీళ్ళలో వదలాలి, కత్తి పెట్టకూడదు. అట్లాంటి ఇంట్లో పెరిగిన చెయ్యి అది. నాకు నేను ఒక వాదన కూడా చెప్పుకున్నాను. అందరికీ ఎవరో ఒక దేవుడు ఉంటాడు, దేవుణ్ణి బట్టి మనిషిని ఎవరు పట్టుకుంటారు? కత్తెర పక్కన పెట్టేశాను. పదకొండు కాగితాల నెత్తినున్న దేవుళ్ళనూ అట్లాగే ఉంచి కట్ట కట్టాను.

ఆ పై వరుస వదిలేసి పేజీ తిరగరాసి ఉండొచ్చు, దాన్ని మూసి జెరాక్స్ తీసి ఉండొచ్చు, ఇంకేదైనా చేసి ఉండొచ్చు. పది దారులు ఉన్నాయి. ఆ వసారాలో నాకు ఒక్కటీ కనబడలేదు.

"మీ సర్వే బాగా పనికొచ్చింది"

రెండు వారాల తర్వాత ఫలితాలు చెప్పడానికి ఫ్యాక్టరీకి పోయాను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరు చిన్నవయసువాడు, మైసూరు వైపువాడు, కన్నడంలో మర్యాదగా మాట్లాడతాడు. కాఫీ తెప్పించాడు. మీ సర్వే బాగా పనికొచ్చింది సార్ అన్నాడు. సొరుగులోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పక్కపక్కన పెట్టాడు.

ఒకటి అంజినమ్మ రాసిన పేజీ. రెండోది రజా చీటీ. పోయిన ఏడాది ఊరి పరుసకు, అదే జాతరకు, పోవాలని సెలవు అడుగుతూ అంజినమ్మ ఇచ్చింది. రెండిటి నెత్తినా ఒకే దేవత. ఫ్యాక్టరీలో అందరి రజా చీటీలు తిరగేయడానికి ఒక పూట పట్టిందని, ఆ దేవత పేరు ఇంకెవరి చీటీ మీదా లేదని చెప్పాడు. లెక్క సరిగ్గా వచ్చిన పిల్లవాడి ముఖం అతనిది.

ఆమెను ఏం చేశారని అడిగాను. ముందురోజే తనంతట తానే పని మానేస్తున్నట్టు సంతకం పెట్టించుకుని పంపేశామన్నాడు. ఆ తర్వాత నన్ను ఊరడించడానికి ఒక మాట చెప్పాడు.

"మీ సర్వే మీద ఎవరికీ అనుమానం రానివ్వలేదు సార్. నీ లైనులోవాళ్ళే చెప్పారని ఆమెకు చెప్పాం."

నా చేతిలో కాఫీ ఉంది. తాగాను. ఆ తర్వాత గోడ మీద దివాకర్ గారు పంపిన రంగురంగుల లెక్కల బొమ్మలు చూపిస్తూ, ఉద్యోగుల నమ్మకం పోయినసారి కన్నా పెరిగిందని చెప్పాను. నమ్మకం. ఆ మాట నా నోటితోనే చెప్పాను.

తర్వాత లైనుకు రెండు టోకెన్లు చేశారు. మూడు కాదు, రెండు. అది మా సర్వే సాధించిన ఫలితమని దివాకర్ గారు రిపోర్టులో రాశారు.

గ్లాసు నీళ్ళు

మర్నాడే పాతపాళ్య బస్సెక్కాను. నిజం చెబుదామనే పోయాను, దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అంజినమ్మ నులక మంచం వాల్చి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. ఏడవలేదు. చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తూనే మాట్లాడింది.

"ఎవురు చెప్పినారో నీకు తెలుసా అప్పా?"

"లేదమ్మా" అన్నాను.

"నాకు తెలుసు. రాయి రాయి అని పొడిచి రాయించిందే, అదే చెప్పింది. లైన్లో దానికి తప్ప ఇంకెవురికి తెలుసు?"

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆమె కాదమ్మా అన్న ఒక్క మాట చాలు. అది అనేలోపే ఆమె ఇంకో మాట అంది.

"నువ్వేం చేస్తావులే. మాట తప్పే మనిషివి కాదు నువ్వు."

నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, వచ్చేశాను.

కొన్ని నెలలకు బాగేపల్లి బస్టాండులో నాగవేణి కనబడింది. నన్ను చూసి తనే వచ్చింది. అంజినమ్మ తనతో మాట్లాడడం లేదనీ, ఊరంతా అదే నమ్ముతోందనీ, వ్యానులో తన పక్క సీటులో ఎవరూ కూర్చోవడం లేదనీ చెప్పింది. "నువ్వన్నా చెప్పప్పా, నేను చెప్పలేదని. నీ మాటైతే నమ్ముతారు" అంది. చెబుతానన్నాను. ఆమె బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీలోంచి తల ఊపింది. నేను చెప్పలేదు. ఆరేళ్ళు చెప్పలేదు.

పదకొండు ఉత్తరాలు

ఊరికే కూర్చున్నానని అనుకోకండి. ఉత్తరాలు రాశాను. దివాకర్ గారికి రాశాను, ఫ్యాక్టరీ యాజమాన్యానికి రాశాను, విదేశీ కంపెనీ బెంగళూరు ఆఫీసుకు రాశాను, కార్మిక శాఖకు రాశాను. కొందరికి మళ్ళీ మళ్ళీ రాశాను. మొత్తం పదకొండు. మీరు నమ్మకద్రోహం చేశారు, మీరు పేదవాళ్ళ పొట్ట కొట్టారు, మీకు సిగ్గుండాలి అని రాశాను. పదింటికి జవాబు లేదు. ఒకదానికి "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని అచ్చు కాగితం వచ్చింది. దివాకర్ గారిని ఆఫీసులో నిలదీస్తే, కత్తిరించమని నీకు చెప్పాను కదా అన్నారు. నిజమే, చెప్పారు. ఆ రోజు ఆయన మీద అందుకే ఎక్కువ కోపమొచ్చింది.

రిటైరయ్యాక ఆ ఉత్తరాల నకళ్ళు తీసి, ఒక ఫారం చదివినట్టు వరుసగా చదివాను. నా వృత్తి అదే కదా, ఏం రాశారో కాదు, ఏం రాయలేదో చూడడం. పదకొండిట్లోనూ ప్రతి పేరాలో "మీరు" ఉంది. "నేను" ఉన్న చోటల్లా "నేను హెచ్చరించాను" అనే ఉంది. సుంకులమ్మ ఎక్కడా లేదు, కత్తెర లేదు, గ్లాసు నీళ్ళు లేవు. నాగవేణి అన్న పేరే లేదు.

నా కోపం దొంగ కోపం కాదు. వాళ్ళు చేసింది ఈ రోజుకూ నాకు మంటే. కానీ ఆ మంట వెనక దాక్కుని ఆరేళ్ళు చలి కాచుకున్నది నేను. ఆ చలిలో నిలబడింది నాగవేణి.

పన్నెండో ఉత్తరం అంజినమ్మకు రాశాను. కన్నడ అక్షరాల్లో, తెలుగు మాటల్లో, ఒకే పేజీ. కాగితం ఎవరిచ్చారో, పై వరుస ఎందుకు కత్తిరించలేదో, మేనేజరు సొరుగులో ఏం చూశానో, ఏం అబద్ధం చెప్పి ఆమెను పంపారో రాశాను. నాగవేణి ఒక్క మాట కూడా ఎవరికీ చెప్పలేదని, ఈ ఉత్తరం ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదని రాశాను. చివర ఒక ప్రశ్న అడిగాను, ప్రశ్నలప్పను కదా. రేపు ఎవరైనా ఇట్లాంటి కాగితం తెచ్చి రాయమంటే, మనవాళ్ళను రాయమని చెప్పమంటావా, వద్దని చెప్పమంటావా?

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

జవాబు చూపించే ముందు, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు. ఇప్పుడు డబ్బా లేదు, ఫోనుకు లింకు పంపిస్తున్నారు. పేరు అడగరు. కానీ ఏ లైను, ఎన్నేళ్ళ సర్వీసు, వయసెంత, పెళ్ళయిందా అని అడుగుతారు. ఆ నాలుగూ కలిపితే లైనులో ఒకే మనిషి మిగులుతుంది. ఫారం ఇచ్చే ముందు మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ జవాబు ఎవరిదో నేను చెప్పగలనా? మీరు చెప్పగలిగితే, మీకన్నా అవసరం ఎక్కువున్నవాడు మీకన్నా తొందరగా చెబుతాడు.

మీ చేతిలో లేనిదాని మీద మాట ఇవ్వకండి. "ఎవరూ చూడరు" అని నేను చెప్పినప్పుడు ఆ కాగితాల మీద నాకు హక్కు లేదు, మా ఆఫీసుకు ఉంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పి ఉంటే అంజినమ్మ రాసేది కాదేమో. రాయకపోతే ఆ పేజీ ఖాళీగా వచ్చేది. ఖాళీ పేజీ కూడా ఒక జవాబేనని నాకు అప్పుడు తెలియదు. నింపించాలన్న నా పంతమే నాకు కనబడింది.

మాట తప్పిన రోజే పోయి చెప్పండి. మర్నాటికి అది కష్టమవుతుంది. ఆరేళ్ళకు అది ఇంకొకరి జీవితమవుతుంది.

మూడు వారాలకు ఒక కవరు వచ్చింది. నోటుపుస్తకంలోంచి చించిన కాగితం. పెద్దవిగా, గుండ్రంగా, ఒకదానికొకటి తగలని కన్నడ అక్షరాలు. ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లోకి దించి రాస్తున్నాను. పై వరుస కూడా.

"శ్రీ సుంకులమ్మ ప్రసన్న.

అప్పా, నీ జాబు వచ్చింది. రెండుతూర్లు చదివినాను. నాగవేణి ఇంటికి పోయి చేతికిచ్చినాను. లోపలికి రమ్మనలే. వాకిట్లోనే నిలబడి చదివి, ఆరేండ్లు అనింది. తలుపేసుకునింది. నేను వచ్చేసినాను. రెండో దినం పొద్దున ఆమే వచ్చింది. పులుసు గిన్నె తెచ్చింది. ముద్ద అద్దుకోని తిన్నాము.

నీ మీద నాకు కోపం ఉండాది. అమ్మ పేరు కోయలేదని కాదు. అది నేనైనా కోయను. మా ఇంట్లో కూర్చోని, నేనిచ్చిన నీళ్ళు తాగి, లేదమ్మా అని పోతివే, దానికి. ఇంక మా ఇంటికి రావద్దు. వస్తే నీళ్ళిస్తాను, ఇయ్యకుండా ఉండలేను, అందుకే రావద్దు.

కాగితం తెస్తే రాయాల్నా వద్దా అని అడిగినావు. రాయమనే చెప్పు. రెండు టోకెన్లన్నా అయినాయి గదా. కాకపోతే ఒగురితో రాయించొద్దు, లైనంతా రాయల్ల. పేరు దాపెట్టుకోమని మాత్రం చెప్పొద్దు. ఈ జాబు నాగవేణి ముందరే రాసినాను. పైన అమ్మ పేరు ఉండాది. కింద మా ఇద్దరి పేర్లూ పెడతాండాము.

అంజినమ్మ
నాగవేణి"